డాక్టర్ రాబర్ట్ హెన్రీ ఎలియట్: కంటి ఆసుపత్రిలో పరిశోధకుడు

శతవార్షిక సంచిక అనగానే మన సంఘాన్ని కట్టిన పాదిరులను, ఉపదేశులను, బైబిలు స్త్రీలను, బడిపంతుళ్ళను తలచుకోవడం ఆనవాయితీ. వారిని గురించి ఇతర సభ్యులు వ్రాస్తున్నారు. ఈ వ్యాసంలో తలచుకోబోయే వ్యక్తి మిషనెరీ కాదు, మన ప్రాంతంలో కాపురమున్నవారూ కాదు. ఆయన 1904 నుండి 1914 వరకు చెన్నపట్టణంలోని ప్రభుత్వ కంటి ఆసుపత్రికి సూపరింటెండెంటుగా పనిచేసిన లెఫ్టినెంట్ కర్నల్ రాబర్ట్ హెన్రీ ఎలియట్ గారు. 1864లో పుట్టి 1936లో గతించిన ఈ వైద్యుని పేరు ప్రపంచంలోని కంటి వైద్యులందరికీ తెలుసు. మన వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకు మాత్రం తెలియదు. తెలియవలసిన కారణం ఒకటున్నది.

మన సంఘాలకు వైద్య పరిచర్య కొత్త కాదు. అమెరికన్ ఆర్కాటు మిషను 1853లో ఏర్పడిన నాటినుండి మందుల పెట్టె, బైబిలు కలిసే ప్రయాణం చేశాయి. డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ గారు 1863లో మదనపల్లె చేరి, ఆ ఊళ్ళోనే 1908లో ప్రభువునందు నిద్రించే నాటికి ఎన్ని వేలమందికి మందిచ్చారో లెక్కలేదు. ఇంత పరిచర్య జరిగిన ప్రాంతంలో ఒక ప్రశ్న మాత్రం తరచు వినబడుతూ ఉంటుంది. రోగులు వరండాలో బారులు తీరి కూర్చుని ఉండగా, వైద్యుడు పుస్తకంలో లెక్కలు వ్రాసుకుంటూ, అద్దాల పలకలమీద ముక్కలు పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తూ కూర్చోవడం న్యాయమేనా? పరిశోధన అనేది తీరిక ఉన్నవారి వేడుక కాదా? ఈ ప్రశ్నకు ఎలియట్ గారి జీవితమే ఒక జవాబు.

ఆనాటి మన తాలూకాలు

ఎలియట్ గారు చెన్నపట్టణం ఆసుపత్రి బాధ్యత స్వీకరించే నాటికి చిత్తూరు జిల్లా ఇంకా పుట్టలేదు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలో ఉండేవి. పుంగనూరు జమీందారీ, కుప్పం ప్రాంతపు కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటులో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవి ఒక్క గూటికి చేరాయి. అప్పటికీ ఇప్పటికీ ఇవి ఎగుడుదిగుడు నేలలు, చెరువుల మీద, వేరుశెనగ మీద, కొద్దిపాటి వరిమడి మీద బ్రతికే ఊళ్ళు. ఎండలో పనిచేసే రైతు కూలీలకు నలభై యాభై ఏళ్ళకే కంట్లో పొర కమ్మడం, చూపు మసకబారడం మామూలు.

చూపు పోయినవారికి రెండు దారులుండేవి. ఒకటి చెన్నపట్టణం దారి. పాకాల నుండి ధర్మవరం పోయే మీటరుగేజి బండి వాయల్పాడు మీదుగా, మదనపల్లె రోడ్డు మీదుగా నడిచేది. కుప్పం వారికి 1864లో పడిన బెంగుళూరు లైను ఉండేది. పుంగనూరు వారు ఎద్దుబండి కట్టుకొని ఏదో ఒక స్టేషనుకు చేరవలసిందే. చూపు లేని మనిషికి తోడు ఒకరు, ఇద్దరికీ టిక్కెట్లు, పట్టణంలో వారాల తరబడి బస, పనిలేని రోజుల కూలి నష్టం. ఇన్ని మోయగలిగినవారే ఆ దారి పట్టేవారు. రెండవ దారి గుమ్మంలోకే వచ్చేది. ఊరూరా తిరిగే కంటి వైద్యుడు, చేతిలో సూదివంటి ఒక పనిముట్టు. ఈ రెండవ దారిని గురించి తరువాత చెబుతాను. ఎలియట్ గారి పనిలో సగం దానితోనే ముడిపడి ఉన్నది.

ఎగ్మూరు ఆసుపత్రి

చెన్నపట్టణం కంటి ఆసుపత్రిని ఈస్టిండియా కంపెనీ వారు 1819లో స్థాపించారు. లండనులో మూర్‌ఫీల్డ్సు ఆసుపత్రి పుట్టిన పద్నాలుగేళ్ళకే ఇక్కడ ఇది వెలిసింది. ఆసియా ఖండంలో కంటికోసమే కట్టిన మొదటి ఆసుపత్రి అని దీనికి పేరు. రాయపేటలో మొదలై, 1880ల నాటికి ఎగ్మూరుకు వచ్చింది. తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు, రాజధాని అంతటినుండి వచ్చినవారు ఒకే వరండాలో కూర్చునే చోటది.

ఒకే జబ్బుకు సంబంధించినవారు వేలమంది ఒకే గుమ్మం తొక్కడం ప్రత్యేక ఆసుపత్రికి గల బలం. పల్లెలోని వైద్యుడు ఏడాదిలో నీటికాసుల జబ్బును రెండు మూడుసార్లు చూస్తాడేమో. ఎగ్మూరు వైద్యుడు దానిని వారం వారం చూస్తాడు. రెండుసార్లు చూసినవాడికి అది ఒక రోగి కష్టంగా కనబడుతుంది. రెండువందలసార్లు చూసినవాడికి దాని నడవడి కనబడుతుంది. అయితే కళ్ళముందు నడిచిపోతున్నదాన్ని పట్టుకొని వ్రాసిపెడితేనే అది కనబడుతుంది. లేకపోతే వేలమంది వచ్చి వేలమంది వెళ్ళిపోతారు, మరుసటి తరం వైద్యుడు మళ్ళీ ఓనమాలనుండి మొదలుపెట్టాలి. ఎలియట్ గారు ఆ వరండాను చికిత్సాలయంగాను, పాఠశాలగాను చూశారు.

పాము విషంనుండి కంటిదాకా

ఆయన 1892లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. కంటికన్నా ముందు ఆయన మనసు పాము విషం మీదికి పోయింది. మన దేశంలో ఏటా వేలమందిని పొట్టన పెట్టుకునే నాగుపాము విషం, కట్లపాము విషం, సముద్రపు పాముల విషం శరీరంలో ఏ అవయవాన్ని ఎలా దెబ్బతీస్తాయో ప్రయోగశాలలో శోధించారు. ఈ పనిలో కొంత ఎడింబరోలో సర్ తామస్ ఫ్రేజర్ గారితో కలిసి చేసినది. గుండెమీద, రక్తనాళాలమీద నాగుపాము విషం చేసే పనిని గురించిన ఆయన వ్యాసం 1905లో రాయల్ సొసైటీ వారి గ్రంథాల్లో వెలువడింది.

కంటి వైద్యునికి పాము విషంతో ఏమి పని అనిపించవచ్చు. కాని అక్కడ నేర్చిన అలవాటే ఎగ్మూరులో పనికివచ్చింది. పాముకాటు విషయంలో మన దేశంలో మంత్రానికి, వేరుకు, పసరుకు కొదువ లేదు. విషం ఎక్కని కాటు కూడా ఉంటుంది గనుక ప్రతి మంత్రానికీ బ్రతికినవాడు ఒకడు సాక్ష్యంగా దొరుకుతాడు. చనిపోయినవాడు సాక్ష్యమివ్వడు. ఏది నిజంగా పనిచేసింది, ఏది పనిచేసినట్టు కనబడింది అని విడదీయాలంటే బ్రతికినవారినీ చచ్చినవారినీ కలిపి లెక్క వేయాలి. ఈ ఒక్క నియమాన్ని ఎలియట్ గారు ఆసుపత్రిలో అడుగుపెట్టిన తరువాత కూడా విడిచిపెట్టలేదు.

నీటికాసులు: చెరువుకు మరవ

ఆయనకు కీర్తి తెచ్చినది నీటికాసుల శస్త్రచికిత్స. ఈ జబ్బు సంగతి కొంచెం తెలుసుకుంటే గాని ఆయన చేసిన పని విలువ తెలియదు.

కంటి లోపల ఒక తేటనీరు ఎల్లప్పుడూ ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉన్న సన్నని జల్లెడవంటి దారిగుండా బయటికి పోతూ ఉంటుంది. మన చెరువుల భాషలో చెప్పాలంటే వచ్చే వంకా ఉన్నది, పోయే మరవా ఉన్నది. మరవ పూడిపోయి నీరు మాత్రం వస్తూనే ఉంటే కట్టకు ముప్పు. కంటిలో ఒత్తిడి పెరిగి, వెనుకనున్న చూపు నరాన్ని కొంచెం కొంచెంగా చంపుతుంది. మొదట పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది కనబడుతూనే ఉంటుంది గనుక రోగికి తెలియదు. తెలిసేనాటికి చాలా భాగం పోయి ఉంటుంది. శుక్లం వేరు, ఇది వేరు. శుక్లం తీస్తే చూపు తిరిగివస్తుంది. నీటికాసుల్లో పోయిన చూపు ఈనాటికీ తిరిగిరాదు. మిగిలినదాన్ని నిలబెట్టడమే వైద్యం.

ఎలియట్ గారి నాటికి ఒత్తిడి తగ్గించే చుక్కల మందులు లేకపోలేదు. కాని అవి బ్రతికినన్నాళ్ళూ వేసుకోవాలి. నెలనెలా వైద్యునికి చూపించుకోవాలి. లండను నగరవాసికి అది సాధ్యం కావచ్చు. వాయల్పాడునుండి కొడుకు చెయ్యి పట్టుకొని ఒక్కసారి చెన్నపట్టణం వచ్చిన రైతుకు ఎలా సాధ్యం? అతడు మళ్ళీ రాడు. వచ్చిన ఆ ఒక్కసారిలోనే ఏదో చేసి పంపాలి. జర్మనీలో ఫాన్ గ్రేఫే గారు 1857లో చూపిన చికిత్స హఠాత్తుగా వచ్చే రకానికి పనికివచ్చేది గాని, మెల్లగా తినివేసే రకానికి అంతగా పనికిరాలేదు. ఫ్రాన్సులో లాగ్రాంజ్ గారు 1906లో తెల్లగుడ్డులో కొంత ముక్క కత్తిరించి నీటికి దారి చేయవచ్చునని చూపారు.

1909లో ఎలియట్ గారు ఎగ్మూరులో తన పద్ధతిని మొదలుపెట్టారు. కంటిపై పొరను మెల్లగా పైకెత్తి, నల్లగుడ్డు తెల్లగుడ్డు కలిసే అంచున రెండు మిల్లీమీటర్ల వెడల్పుగల గుండ్రని చిన్న పనిముట్టుతో బిళ్ళవంటి ముక్కను తీసి, పైపొరను మళ్ళీ కప్పివేయడం ఆ పద్ధతి. లోపలి నీరు ఆ రంధ్రంగుండా పైపొర కిందికి చేరి ఇంకిపోతుంది. అంటే పూడిన మరవకు బదులు కట్టలో కొత్త మరవ. ఆ ఏడే గ్లాస్గోలో ఫ్రీలాండ్ ఫెర్గస్ గారు కూడా ఇటువంటి దానినే విడిగా ప్రకటించారు. అయినా వందలాది రోగులమీద దానిని నడిపి, ఎక్కడ కోయాలి, ఎంత కోయాలి, ఏమి తప్పితే ఏమవుతుంది అని అడుగడుగునా వ్రాసి, 1913లో గ్రంథంగా వెలువరించినది ఎలియట్ గారు. అందుచేత ఆయన పేరే నిలిచింది. ఆ తరువాత సుమారు నలభై యాభై ఏళ్ళపాటు లండను, న్యూయార్కు మొదలుకొని అనేక దేశాల ఆసుపత్రుల్లో నీటికాసులకు ఈ చికిత్స చేశారు. మన రాజధాని పల్లెల రోగుల అవసరంలోనుండి పుట్టిన పద్ధతి దొరల దేశాలకు పాఠమయింది.

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. ఆ చికిత్సలో ఒక లోపమున్నది. రంధ్రంమీద కప్పిన పొర పలుచనై, కొందరికి ఏళ్ళు గడిచాక దానిగుండా సూక్ష్మక్రిములు లోపలికి చొరబడి కంటినే పోగొట్టేవి. ఇది ఎలియట్ గారి జీవితకాలంలోనే బయటపడి, వైద్య పత్రికల్లో చర్చకు వచ్చింది. చివరకు 1968లో ఇంగ్లండులో కెయిర్న్స్ గారు రంధ్రంమీద తెల్లగుడ్డు పొరనే సగం మందంలో మూతగా నిలిపే పద్ధతి తెచ్చారు. దానితో పాత పద్ధతి మెల్లగా వెనుకబడింది. దీనిని ఎలియట్ గారి ఓటమి అనుకోనక్కరలేదు. ఏళ్ళ తరువాత వచ్చే ఆపద ఏళ్ళ తరబడి లెక్క పెట్టినవారికే కనబడుతుంది. లెక్క ఉన్నది గనుక లోపం తెలిసింది, లోపం తెలిసింది గనుక మెరుగు వచ్చింది.

సూది వైద్యులూ, సీసాల్లోని కన్నులూ

ఇక రెండవ దారి. శుక్లం పట్టిన కంటిలో సూది దూర్చి, ఆ మసకబారిన కటకాన్ని చూపుకు అడ్డు లేకుండా కంటి లోపలి అడుగుకు తోసివేయడం మన దేశపు ప్రాచీన చికిత్స. సుశ్రుతుని వైద్యగ్రంథంలో ఇది ఉన్నది. ఆయన కాలానికి అది గొప్ప విద్య. కాని ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలో ఊరూరా తిరిగినవారి చేతిలో అది వేరుగా తయారయింది. పనిముట్టు శుభ్రం చేయడం లేదు. శుక్లమో నీటికాసులో పోల్చుకునే జ్ఞానం లేదు. సూది పడగానే కటకం తొలగి రోగికి వెలుతురు కనబడుతుంది. వైద్యుడు తన చేతివేళ్ళు చూపించి ఎన్ని అని అడుగుతాడు. రోగి చెబుతాడు. ఊరంతా చూస్తుండగా జరిగిన అద్భుతం! రుసుము పుచ్చుకొని, కంటికి కట్టు కట్టి, ఫలానా రోజు వరకు విప్పవద్దని చెప్పి ఆయన పొరుగూరు పోతాడు. కట్టు విప్పేనాటికి కన్ను చీము పట్టి ఉండవచ్చు, ఒత్తిడి పెరిగి నొప్పితో పగిలిపోతూ ఉండవచ్చు. వైద్యుడు మాత్రం ఆ చుట్టుపక్కల ఉండడు.

అలా చెడిన కన్నులతో ఎగ్మూరు వరండాకు వచ్చినవారు వందలు. చూపు తెప్పించే అవకాశం చాలామందిలో లేదు. ఇక్కడ ఎలియట్ గారి స్థానంలో మరొకరైతే జాలిపడి, నొప్పి తగ్గే మందిచ్చి, ఆ మూఢులను తిట్టి ఊరుకునేవారు. ఎలియట్ గారు ప్రతి మనిషినీ అడిగి వ్రాయించారు. ఎప్పుడు సూది వేశారు, ఎన్నాళ్ళు చూపు నిలిచింది, ఎప్పుడు నొప్పి మొదలయింది, ఇప్పుడు ఎంత కనబడుతున్నది. ఇలా ఏడువందలకు పైగా కన్నుల వివరాలు చేరాయి. నొప్పి భరించలేక తీసివేయవలసి వచ్చిన కన్నులను పారవేయక భద్రపరచి, కోసి, లోపల కటకం ఎక్కడికి జారింది, ఏ పొర ఎలా చిరిగింది, నీటి దారి ఎలా మూసుకుపోయింది అని పరీక్షించారు. దేశం విడిచి వెళ్ళిన తరువాత 1917 ఫిబ్రవరిలో లండను రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్సులో హంటేరియన్ ఉపన్యాసాలుగా ఈ విషయాన్ని వివరించి, ఆ ఏడే పుస్తకంగా ప్రకటించారు. మంచి చూపు నిలుపుకొన్నవారు చాలా కొద్దిమంది అని ఆ లెక్కలో తేలింది.

సూది వైద్యులను గురించి ఆయన వ్రాతలో కోపం ఉన్నది, పాలకజాతి వైద్యుని అహం కూడా అక్కడక్కడ లేకపోలేదు. దానిని మనం ఒప్పుకోనక్కరలేదు. సూది వైద్యుని దగ్గరికి జనం పోయింది తెలివితక్కువతనం చేత మాత్రమే కాదు. అతడు గుమ్మంలోకి వచ్చాడు, ఆసుపత్రి రాలేదు. అతడు తెలిసిన భాష మాట్లాడాడు. కత్తి అనలేదు, సూది అన్నాడు. ఆ లెక్కలు నిజానికి రెండు తీర్పులు చెబుతున్నాయి. సూది వైద్యుడు కన్నులు పోగొట్టాడన్నది ఒకటి. పల్లెకు రాని ఆసుపత్రి అతనికి చోటిచ్చిందన్నది రెండవది. ఈ రెండవ తీర్పును విని కదిలినవారిలో మన మిషను ఆసుపత్రులవారు ముందున్నారు. 1947లో వేలూరు చేరిన డాక్టర్ విక్టర్ రాంబో గారు, షెల్ కంటి ఆసుపత్రి వైద్యులు పల్లెల్లోనే శిబిరాలు పెట్టి, బడి గదుల్లో శుక్లాలు తీశారు.

మాయ చూసి మోసపోని మనిషి

ఎలియట్ గారు ఇంగ్లండు చేరిన తరువాత నీటికాసులను గురించి 1918లోను, ఉష్ణదేశాల కంటి జబ్బులను గురించి 1920లోను పెద్ద గ్రంథాలు వెలువరించారు. ముసలితనంలో ఆయన పట్టిన పని మరొకటి వింతగా తోస్తుంది. లండనులోని ఇంద్రజాలికుల సంఘంలో, అద్భుతాలని చెప్పుకునేవాటిని పరీక్షించే కమిటీకి ఆయన అధ్యక్షులయ్యారు. గాలిలో తాడు నిలబెట్టి దానిమీద కుర్రవాడిని ఎక్కించే మన దేశపు తాడు విద్యను బయట, బట్టబయలుగా చేసి చూపినవారికి 500 గినీల బహుమతి ప్రకటించారు. దానిని ఎవరూ గెలుచుకోలేదు. 1934లో ఈ సంగతులమీద ఒక పుస్తకం కూడా వ్రాశారు. ఆ తరువాత రెండేళ్ళకే గతించారు.

కాని ఆలోచిస్తే అందులో వింత లేదు. గుమ్మం ముందు వేళ్ళు లెక్కపెట్టించిన సూది వైద్యుని అద్భుతాన్ని చూసి, మూడు వారాల తరువాత అదే రోగిని చూసినవారు ఎలియట్ గారు. అద్భుతం జరిగిన క్షణాన్ని మాత్రమే చూస్తే ఏదైనా నమ్మవచ్చు. తరువాత ఏమయిందో అడగడమే పరీక్ష.

ఆయన తరువాత

ఆయన వేసిన బాట ఆసుపత్రిలో పూడిపోలేదు. ఆయన పేరిట అక్కడ కంటి వైద్య పాఠశాల, ప్రదర్శనశాల వెలిశాయి. ఆయన వెనుక వచ్చిన కిర్క్‌పాట్రిక్ గారు పట్టణంలో వ్యాపించిన కంటి అంటువ్యాధిని 1920లో వర్ణించారు. కళ్ళకలకను నేటికీ మద్రాస్ ఐ అని పిలవడం మనకు తెలిసినదే. తరువాతివారైన రైట్ గారు పోషణలేని పసిపిల్లల నల్లగుడ్డు కరిగిపోయే జబ్బును గురించి 1922లో వ్రాశారు. ఆ గొలుసులోని మరొక కొస మన హైదరాబాదులో తేలింది. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో దేశమంతటా చిన్నపిల్లలకు విటమిన్ ఎ చుక్కలు వేసే పథకం ఆరంభమయింది. ఎగ్మూరు వరండాలో తల్లి ఒడిలో చూపు పోగొట్టుకున్న బిడ్డకు ఆ చుక్క అందలేదు. వాని తరువాతి బిడ్డలకు అందింది.

పరిశోధన ప్రత్యేక ఆసుపత్రికి ఎంత అవసరమో తెలుసుకునేందుకు మనం చెన్నపట్టణం దాకా కూడా పోనక్కరలేదు. అనేక మిషనులు కలిసి మదనపల్లె దగ్గర నెలకొల్పిన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రినే చూడండి. డెన్మార్కునుండి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ గారి కుటుంబంలో తండ్రీ కొడుకులిద్దరూ అక్కడ సేవ చేశారు. మన దేశంలో బి.సి.జి. టీకా పని 1948లో మొదలయిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950నుండి ఆ చుట్టుపక్కల పల్లెల్లో ప్రజలకు ఎక్స్‌రే తీసి, పరీక్షలు చేసి, టీకా వేసినవారినీ వేయనివారినీ ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన ఫలితాలు 1960 నుండి 1973 మధ్య ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడ్డాయి. మన తాతలు చాచిన చేతులు, నిలబడి తీయించుకున్న ఎక్స్‌రేలు ప్రపంచానికి పాఠం చెప్పాయి.

కంటి విషయంలో అటువంటి పనిని ఆంధ్రదేశంలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసింది. 1996 నుండి 2000 వరకు హైదరాబాదులోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోను 10,293 మందిని పరీక్షించారు. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే చూడక, రానివారిని వెతుక్కుంటూ వెళ్ళారు. నీటికాసులున్నవారిలో చాలామందికి తమకు ఆ జబ్బు ఉన్నదనే తెలియదని తేలింది. అంతకన్నా మనసును కలచే సంగతి మరొకటి. శుక్లం తీయించుకున్న కన్నుల్లో చెప్పుకోదగ్గ భాగానికి చూపు సరిగా రాలేదు. సూది వైద్యుల కాలం కాదిది, చదువుకున్న వైద్యుల కాలం! ఎలియట్ గారు సూది పడిన కన్నులను లెక్కపెట్టిన ఎనభై ఏళ్ళకు, కత్తి పడిన కన్నులను మనమే లెక్కపెట్టుకోవలసి వచ్చింది. ఆ లెక్క వలననే కంటిలో కటకం అమర్చడం, చికిత్స తరువాత మళ్ళీ పిలిచి చూడడం ఎంత ముఖ్యమో గట్టిపడింది.

మన వైద్యశాలలకు ఒక మాట

మన సంఘాల నివేదికల్లో వైద్య పరిచర్య శీర్షిక కింద ఏటా అంకెలు అచ్చవుతాయి. చూసిన రోగులు ఇందరు, చేసిన శస్త్రచికిత్సలు ఇన్ని, పెట్టిన శిబిరాలు ఇన్ని. అవి సంతోషించదగిన అంకెలే. దాతలకు చూపించదగినవే. కాని శస్త్రచికిత్సల సంఖ్య వేరు, చూపు వచ్చినవారి సంఖ్య వేరు. మొదటిది వైద్యుడు ఎంత శ్రమపడ్డాడో చెబుతుంది. రెండవది రోగి ఏమి పొందాడో చెబుతుంది. సూది వైద్యునికి కూడా మొదటి అంకె చాలా పెద్దదే అయి ఉంటుంది. రెండవ అంకె అతడు ఎన్నడూ అడగలేదు.

ఈ రెండవ అంకెను అడగడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఒక రిజిస్టరు, పోస్టు కార్డు పంపే ఓపిక, పల్లె సంఘంలోని పెద్దల సహాయం చాలు. ఆరు వారాల తరువాత, ఏడాది తరువాత ఆ మనిషి ఎంత దూరంలో వేళ్ళు లెక్కపెట్టగలుగుతున్నాడు? రానివారు ఎందుకు రాలేదు? చెడిన కన్ను ఎందుకు చెడింది? ఇవి వ్రాసిపెట్టడం సిగ్గుపడవలసిన పని అనుకునే ఆసుపత్రిలో పరిశోధన ఉండదు. పరిశోధన లేనిచోట ఒకే పొరపాటు తరం తరువాత తరం జరుగుతూనే ఉంటుంది. అది ఖర్చు కాదనుకోవడానికి లేదు, కన్నులతో చెల్లించే ఖర్చు అది.

దీనికి మనకు ప్రభుత్వ వైద్యుని ఉదాహరణ ఒక్కటే కాదు, అంతకు మించినదీ ఉన్నది. మార్కు సువార్తలోని బేత్సయిదా గ్రుడ్డివాని వృత్తాంతం మనం ఎన్నిసార్లు విన్నాము! మన ప్రభువు అతని మీద చేతులుంచిన తరువాత, ఏమైనా కనబడుతున్నదా అని అతనినే అడిగారు. మనుష్యులు చెట్లవలె నడుస్తున్నట్టు మసకగా కనబడుతున్నారని అతడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అది చాలునని ప్రభువు ఊరుకోలేదు, అతని మాటకు నొచ్చుకోలేదు. తిరిగి చేతులుంచి, సమస్తం తేటగా కనబడేవరకు విడిచిపెట్టలేదు. స్వస్థపరచే సర్వశక్తిగల ప్రభువే రోగిని అడిగి తెలుసుకున్నారు. సామాన్యులమైన మనం అడగకుండా పంపివేయడం తగునా?

ఎలియట్ గారి విశ్వాసం ఎటువంటిదో మనకు లెక్క లేదు. కాని అడగడం, విన్నది వ్రాయడం, వ్రాసినది దాచకపోవడం, దానినిబట్టి చేతిని దిద్దుకోవడం అనే నాలుగు పనులు ఆయన పదేళ్ళు చెన్నపట్టణంలో చేశారు. ఆ వరండాలో కూర్చున్నవారిలో మన తాలూకాలవారూ ఉండే ఉంటారు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. నూరేళ్ళ పండుగ చేసుకుంటున్న మనం మన దాతల పేర్లు, కట్టడాల పేర్లు రాతిమీద చెక్కిస్తున్నాము. చూపు దక్కినవారి, దక్కనివారి లెక్కను కాగితంమీదనైనా ఉంచితే రెండవ నూరేళ్ళ పరిచర్యకు అది మంచి పునాది అవుతుంది.